మందులో గమ్ము కలపాలా? ముందు ఆకు, డబ్బా, నీళ్లు చూడండి

తమ్ముడూ, నీది చంద్రపూర్ జిల్లా రాజూరా తాలూకా. ఆరెకరాల పత్తి, సాళ్ల మధ్య కంది, ఎకరం మిరప, కొంచెం సోయా. కృషి కేంద్రంలో, అంటే మందుల దుకాణంలో, ఏ మందు కొన్నా దాంతోపాటు ఒక సిలికాన్ గమ్ము (మందు ఆకు మీద పరుచుకోవడానికి కలిపే ద్రవం) సీసా కూడా అంటగడుతున్నారని, అది వేస్తే మందు సగం చాలంటున్నారని, పక్క చేను వాళ్లు మాత్రం షాంపూ ప్యాకెట్ చించి మందు కొట్టే పంపులో పోస్తున్నారని రాశావు. ఇందులో ఏది నిజం అని అడిగావు. చివర్లో, బోరు నీళ్లు పట్టిన బకెట్‌కు తెల్లటి పొర కడుతుందని ఒక మాట అన్నావు. నీ ప్రశ్న మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం అదే, దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

ముందు సూటిగా జవాబు. పత్తి మీద కొట్టే ఈసీ మందుల్లో (నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడే రకం) గమ్ము చాలాసార్లు అక్కర్లేదు. కలుపు మందుల్లో, వేప కషాయంలో, నీళ్లు నిలవని ఆకుల మీద అది నిజంగా పని చేస్తుంది. గమ్ము వేశాం కదా అని మందు సగం చేయడం మాత్రం వద్దే వద్దు. ఇక ఎందుకు అన్నది వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే రేపు కొత్త సీసా వచ్చినా నువ్వే తేల్చుకోగలవు.

నీటికి తనలో తాను గట్టిగా పట్టుకుని ఉండే గుణం ఉంది. తలతన్యత అని స్కూల్లో చదివే ఉంటావు. మామూలు నీటికి అది 72 యూనిట్ల దాకా ఉంటుంది. అందుకే నీటి బొట్టు గుండ్రంగా ఉంటుంది, ఆకు మీద పడగానే పరుచుకోకుండా దొర్లిపోతుంది. ఆకు పైన మైనం పొర కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. గమ్ములో పనిచేసే పదార్థాన్ని సర్ఫాక్టెంట్ అంటారు, దాని అణువులో ఒక కొసకు నీళ్లంటే ఇష్టం, ఇంకో కొసకు నూనె, మైనం అంటే ఇష్టం. ఆ రెండిటి మధ్యలో చేరి నీటి బిగువును సడలిస్తుంది. దుకాణంలో మామూలుగా దొరికే గమ్ములు ఆ 72ను 30, 35 దాకా దించుతాయి. సిలికాన్ రకం 20, 22 దాకా దించుతుంది. అందుకే సిలికాన్ వేసిన బొట్టు ఆకు మీద పడగానే చదునుగా పాకిపోతుంది. చూడటానికి చాలా బాగుంటుంది. కొనేవాళ్లు పడిపోయేది అక్కడే. దుకాణదారు అరచేతిలోనో, ప్లాస్టిక్ కవరు మీదో రెండు చుక్కలు వేసి, ఒకటి గుండ్రంగా ఉంది, ఒకటి పాకింది చూడు అంటాడు. కళ్ల ముందు జరిగేది నిజమే. కానీ నీ పంట ప్లాస్టిక్ కవరు కాదు, నువ్వు కొట్టేది ఉత్త నీళ్లూ కాదు.

కాబట్టి పరీక్ష నీ చేలో, నీ ఆకు మీద చేయాలి. దానికి ఖర్చేమీ లేదు. ఒక గ్లాసులో బోరు నీళ్లు తీసుకో. పత్తి ఆకు ఒకటి, కంది రెమ్మ ఒకటి, మిరప ఆకు, సోయా ఆకు, ఇంటి వెనక ఉల్లి మడి ఉంటే ఒక ఉల్లి కాడ, గట్టు మీద గరిక, తుంగ తెంపుకుని రా. ఒక్కొక్కటే నీళ్లలో ముంచి, పైకెత్తి, వెలుగులో చూడు. ఆకు మొత్తం పల్చటి నీటి పొర పట్టుకుని ఉంటే ఆ ఆకు తేలిగ్గా తడుస్తుంది. నీళ్లన్నీ జారిపోయి ఆకు పొడిగా, అక్కడక్కడ ముత్యాల్లా చుక్కలతో మిగిలితే అది తడవని ఆకు. వరి, ఉల్లి, క్యాబేజీ ఆకులు దాదాపు పొడిగానే పైకి వస్తాయి. వరి ఆకు మీద మైనం పొరతోపాటు కంటికి కనపడనంత సన్నటి బుడిపెలు ఉంటాయి, నీటిచుక్క ఆ బుడిపెల కొనల మీదే నిలబడి జారిపోతుంది. చేమ ఆకు మీద నీళ్లు నిలవవని అనేది కూడా ఇందుకే. పత్తి ఆకు అలా కాదు, చాలావరకు తడుస్తుంది. నూగు ఎక్కువ ఉన్న రకాల్లో మాత్రం చుక్కలు నూగు మీద తేలుతూ కాసేపు ఆగుతాయి. కంది లేత ఆకు, సోయా లేత ఆకు కూడా అలాగే చుక్కను పైనే ఆపుతాయి.

ఇప్పుడు రెండో గ్లాసు. చేతికి గ్లౌజు తొడుక్కుని, నువ్వు కొట్టబోయే మందును అదే మోతాదు లెక్కన ఆ నీళ్లలో కలుపు. లీటరుకు 2 మిల్లీ అయితే అర లీటరుకు 1 మిల్లీ, అలా. అందులో కొత్త ఆకు ముంచి చూడు. చాలామంది మొదటి గ్లాసు పరీక్ష చేసి ఆగిపోతారు, అసలు జవాబు రెండో గ్లాసులో ఉంటుంది. మందు కలిపిన నీళ్లే ఆకును పూర్తిగా తడిపేస్తే గమ్ము సీసా మూత తీయాల్సిన పని లేదు. అప్పటికీ ఆకు పొడిగా వస్తుంటేనే గమ్ము గురించి ఆలోచించు.

మందు కలిపాక ఆకు ఎందుకు తడుస్తుందంటే, డబ్బాలో మందుతోపాటు సర్ఫాక్టెంట్ ముందే పోసి ఉంటుంది. ఎంత పోశారన్నది మందు రకాన్ని బట్టి మారుతుంది. డబ్బా మీద మందు పేరు పక్కన శాతం, ఆ తర్వాత రెండక్షరాలు ఉంటాయి చూడు, ఈసీ, ఎస్‌సీ, ఎస్‌ఎల్ (నీళ్లలో కరిగే ద్రవం), డబ్ల్యూపీ, డబ్ల్యూజీ, ఎస్‌జీ (నీళ్లలో కరిగే గుళికలు) అని. ఈసీ అంటే నూనె ద్రావకంలో కరిగించిన మందు. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడుతుంది. అలా తెల్లబడటానికి కారణమే అందులో ఉన్న ఎమల్సిఫైయర్, అదీ ఒక రకం సర్ఫాక్టెంటే. ప్రొఫెనోఫాస్ 50 ఈసీ, క్లోరిపైరిఫాస్ 20 ఈసీ లాంటివి ఈ కోవకు వస్తాయి. వీటికి మళ్లీ గమ్ము కలిపితే లాభం కన్నా ఆకు మాడే ప్రమాదమే ఎక్కువ, అందులోనూ ఎండ మీద సిలికాన్ కలిపి కొడితే. ఎందుకంటే నూనె ద్రావకం మైనం పొర దాటి లోపలికి ఇంకా ఎక్కువ దిగుతుంది. పొడి మందులు, అంటే డబ్ల్యూపీ, డబ్ల్యూజీ రకాలు, చాలా ఎస్‌సీ మందులు అలా కాదు. అక్కడ మందు సన్నటి రేణువులుగా నీళ్లలో తేలుతూ ఉంటుంది. రేణువులు నీళ్లలో కలవడానికి సరిపడా సర్ఫాక్టెంట్ వేస్తారు గానీ మైనం ఆకును తడపడానికి అది చాలకపోవచ్చు. మిరప కాయకుళ్లుకు మాంకోజెబ్ పొడి, కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి కొట్టేటప్పుడు కొద్దిగా గమ్ము పని చేసేది అందుకే.

మందు డబ్బాతో పాటు మడతపెట్టిన కరపత్రం వస్తుంది. 1956 దాకా రాజూరా మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది, మన తెలుగు అలాగే నిలిచింది, కానీ దుకాణంలో బిల్లు, బోర్డు, మాట అంతా మరాఠీలో సాగుతుంది. దానికి నువ్వు ఇబ్బంది పడక్కర్లేదు. ఆ కరపత్రంలో చాలా భాషలు ఉంటాయి, వెతికితే తెలుగు కూడా కనపడుతుంది. గమ్ము కలపమని కంపెనీ చెప్పిందా లేదా అన్నది అందులో చూడు. గమ్ము సీసా దగ్గర ఈ సౌకర్యం ఉండదు. పురుగుమందు డబ్బా మీద ఉండే సీఐబీ (కేంద్ర పురుగుమందుల బోర్డు) రిజిస్ట్రేషన్ నంబరు గమ్ము సీసా మీద సాధారణంగా కనపడదు. లోపల ఏముందో, ఎంత శాతం ఉందో రాయని సీసాలు కూడా బజార్లో తిరుగుతున్నాయి. రసాయనం పేరు, శాతం, లీటరుకు ఎంత అన్నది రాసి ఉన్న సీసానే తీసుకో. ఆ మూడూ లేకపోతే ఉచితంగా ఇచ్చినా వద్దను.

సీసాల్లో కూడా తేడాలున్నాయి, అన్నిటినీ మనం గమ్ము అనే అంటాం గానీ. బొట్టును పరిచేది ఒకటి, వానకు కడుక్కుపోకుండా అంటించేది ఒకటి, ఆకు లోపలికి దింపేది ఒకటి. మాంకోజెబ్ లాంటి మందు ఆకు పైనే ఉండి కాపలా కాయాలి, దానికి అంటించే రకం కావాలి. అక్కడ సిలికాన్ ఎక్కువైతే మందు ఆకు మీద పల్చగా పాకి, అంచుల నుంచి జారి, నేల పాలవుతుంది. ఆకు లోపలికి వెళ్లి పనిచేసే మందులకు సిలికాన్ వేరే దారి కూడా ఇస్తుంది. ఆకు మీద గాలి పీల్చుకునే రంధ్రాల గుండా నీళ్లు నేరుగా లోపలికి దిగుతాయి, కాసేపటికే వాన పడినా కొంత మందు అప్పటికే లోపల ఉంటుంది. అయితే ఆ రంధ్రాలు తెరుచుకుని ఉంటేనే ఇది జరుగుతుంది. మధ్యాహ్నపు ఎండలో, బెట్టకు వాడిన చేలో రంధ్రాలు మూసుకునే ఉంటాయి. ఆ వేళ సిలికాన్ పోసి ప్రయోజనం లేదు, మచ్చలు పడటం తప్ప.

మోతాదు గురించి. మామూలు గమ్ము లీటరుకు అర నుంచి ఒక మిల్లీ, అంటే 15 లీటర్ల పంపుకు 8 నుంచి 15 మిల్లీ. సిలికాన్ లీటరుకు పావు నుంచి అర మిల్లీ, పంపుకు 4 నుంచి 7 మిల్లీ. సీసా మీద వేరే లెక్క ఉంటే దాన్నే పాటించు. సీసా మూతతో అందాజాగా పోయొద్దు, మెడికల్ షాపులో సూది లేని సిరంజి కొని దాంతో కొలువు. "రెండింతలు పోస్తే ఇంకా బాగా పనిచేస్తుందా" అని అడిగావు. చేయదు. నీటి బిగువు ఒక హద్దు దాకానే సడలుతుంది. ఆ హద్దు దాటాక పోసిన అణువులు ఒకదానితో ఒకటి గుంపులు కట్టి నీళ్లలో ఊరికే తిరుగుతుంటాయి, బిగువు అంతకన్నా తగ్గదు. పైగా నురగ వస్తుంది, బొట్టు ఆకు మీద ఆగదు. కొట్టిన చోట కూర్చుని ఆకు కొన వైపు చూడు. కొన నుంచి చుక్క చుక్కగా కారుతుంటే నువ్వు డబ్బు పెట్టి కొన్న మందు నేలలో ఇంకుతున్నట్టే. సిలికాన్ వేసినప్పుడు ఆకు పట్టుకునే నీళ్లు తక్కువ, కాబట్టి నడక కొంచెం వేగం పెంచి, ఆకు తడిసి కారకముందే పక్క మొక్కకు వెళ్లిపోవాలి.

ఇంకో సంగతి. తెల్లదోమ ఆకు అడుగున ఉంటుంది. పై నుంచి కొట్టిన బొట్టు ఎంత పాకినా అడుగుకు తిరిగి రాదు. దానికి నాజిల్‌ను కింది నుంచి పైకి తిప్పి కొట్టడమే మార్గం. హాలో కోన్ నాజిల్ (తుంపరను గుండ్రంగా చిమ్మేది) అరిగిపోయి సన్నటి తుంపర రావడం లేదంటే ముందు దాన్ని మార్చు. గమ్ము సీసా కొనే డబ్బుతో కొత్త నాజిల్ వస్తుంది, పత్తిలో దానివల్ల వచ్చే తేడా చాలా పెద్దది.

షాంపూ, సబ్బు పొడి సంగతి. షాంపూ కూడా సర్ఫాక్టెంటే, నీటి బిగువు తగ్గిస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ అది నురగ కోసం తయారైన సరుకు. పంపు మోసుకుని నాలుగడుగులు వేస్తే లోపలంతా నురగే, మూత దగ్గర నుంచి మందు కలిసిన నురగ పొంగి వీపు మీదికి కారుతుంది. నాజిల్ దగ్గర ధార ఒకసారి నిండుగా, ఒకసారి ఖాళీగా వస్తుంది. ఇక బట్టల సబ్బు పొడిలో చాకలి సోడా ఉంటుంది. అది నీళ్లను క్షారం వైపు లాగుతుంది, పీహెచ్ 9, 10 దాకా పోతుంది. ఫాస్ రకం మందులు క్షారంలో విరిగిపోతాయి. ప్రొఫెనోఫాస్ మామూలు నీళ్లలో రోజుల తరబడి నిలుస్తుంది, అదే పీహెచ్ 9 దగ్గర కొన్ని గంటల్లోనే సగానికి పడిపోతుంది. పొద్దున్నే డ్రమ్ములో సబ్బు పొడితో కలిపి పెట్టుకుని మధ్యాహ్నం దాకా కొట్టేవాళ్ల చేలో చివరి సాళ్లలో పురుగు ఎందుకు చావలేదో దీన్ని బట్టే అర్థమవుతుంది. సిలికాన్ గమ్ము కూడా అంతే, బాగా పులుపు నీళ్లలోనూ, బాగా క్షారం నీళ్లలోనూ అది విరిగిపోతుంది. కలిపిన పూటే కొట్టేయాలి, రేపటికి దాచుకోకూడదు.

ఇప్పుడు నీ తెల్లపొర దగ్గరికి వద్దాం. గడ్‌చాందూర్, కోర్పనా చుట్టూ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకు వచ్చాయి? మీ ప్రాంతంలో నేల కింద సున్నపురాయి ఉంది కాబట్టి. ఆ రాతి గుండా దిగిన నీళ్లు కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని నీ బోరులోకి వస్తాయి. బకెట్‌కు కట్టే పొర అదే. తాగే నీళ్లలో ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా ఫరవాలేదని మన దేశ ప్రమాణం. మందు కొట్టే నీళ్ల గురించి మాత్రం ఎవరూ పట్టించుకోరు, అసలు పట్టించుకోవాల్సింది ఇక్కడే.

ఒక ప్లాస్టిక్ సీసాలో సగం బోరు నీళ్లు, ఇంకో సీసాలో సగం వాన నీళ్లు పోసి, రెండింటిలో ఒళ్లు రుద్దుకునే సబ్బు తురుము ఒకే కొలతగా వేసి గట్టిగా ఊపు. వాన నీళ్లలో నురగ నిలుస్తుంది, అడుగున నీళ్లు తేటగా ఉంటాయి. బోరు నీళ్లలో నురగ రాకుండా, విరిగిన పాలలా తెల్లటి తెట్టు తేలితే నీ నీళ్లు గట్టివని లెక్క. ఆ తెట్టు ఏమిటంటే, సబ్బును కాల్షియం పట్టేసుకోవడం వల్ల వచ్చిన జిడ్డు. నీ పంపులో సబ్బు వేసినప్పుడు జరిగేదీ అదే, ఆ జిడ్డే ఫిల్టర్‌లో, నాజిల్‌లో అడ్డం పడుతుంది. దుకాణంలో దొరికే నాన్ అయానిక్ (విద్యుదావేశం లేని) రకం గమ్ములకు ఈ బాధ లేదు, వాటిని కాల్షియం పట్టుకోలేదు. మీ బోరు నీళ్లకు సబ్బు కన్నా నాన్ అయానిక్ గమ్ము మంచిదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

అయితే ఒక తేడా గుర్తుపెట్టుకో. గమ్మును కాల్షియం ఏమీ చేయలేదు గానీ, కొన్ని మందులనే అది పట్టేసుకుంటుంది. ఆ మందులకు ఎంత గమ్ము పోసినా ఉపయోగం లేదు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు వీటిలో మొదటిది, 2,4-డి లవణాలు, గ్లుఫోసినేట్ అనే కలుపు మందులది కూడా ఇదే దారి. నీళ్ల కాఠిన్యం 200, 300 దాటితే గ్లైఫోసేట్‌లో కొంత భాగం కాల్షియంతో కట్టుబడిపోయి కలుపు లోపలికి సరిగా దిగదు. రైతు చూసేది ఏమిటంటే, తుంగ పసుపు పడి మళ్లీ చిగురిస్తుంది. మందు నకిలీది అనుకుంటాడు. దీనికి విరుగుడు అమ్మోనియం సల్ఫేట్, ఎరువుగా వాడేదే. లీటరు నీళ్లకు 10 నుంచి 20 గ్రాములు విడిగా కరిగించి, గుడ్డలో వడగట్టి, కలుపు మందు కన్నా ముందే ట్యాంకులో పోయాలి. వరుస మారితే లాభం పోతుంది, ముందు మందు పోస్తే అది అప్పటికే కాల్షియంతో కట్టుబడి ఉంటుంది. ఈ అమ్మోనియం సల్ఫేట్‌ను పత్తికో మిరపకో కొట్టే పురుగుమందులో మాత్రం కలపొద్దు, ఆకు మాడుతుంది. ఇంకోటి, గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని 2022 అక్టోబర్‌లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. దాని గురించి చెప్పింది నీటి ప్రభావం తేలిగ్గా అర్థం కావడానికే, వాడమని కాదు.

2,4-డి అన్నాను కాబట్టి ఇది కూడా విను. పత్తికి అంతకన్నా శత్రువు లేదు. పక్క వరిమడిలో కొట్టిన తుంపర గాలికి వచ్చినా పత్తి ఆకులు బెండాకుల్లా ముడుచుకుని సన్నగా సాగుతాయి. ఆ మందు కొట్టిన పంపును పత్తికి వాడొద్దు. ఎన్నిసార్లు కడిగినా గొట్టంలో, వాషర్లలో కొంత మిగిలే ఉంటుంది, తర్వాత నువ్వు గమ్ము కలిపిన నీళ్లు పోస్తే ఆ మిగిలినది కరిగి బయటికి వస్తుంది. కలుపు మందుకు ఒక పాత పంపు వేరుగా పెట్టుకో, ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ (తుంపరను విసనకర్రలా చదునుగా చిమ్మేది) బిగించి.

సోయాలో ఇమజెథాపైర్ అనే కలుపు మందు కొడితే కొన్ని కంపెనీలు గమ్మును, అమ్మోనియం సల్ఫేట్‌ను అదే ప్యాకింగ్‌లో ఇస్తాయి. అవి ఉచిత సరుకు కాదు, మందులో భాగం. రైతులు వాటిని పక్కన పడేసి మందు ఒక్కటే కొట్టడం నేను చాలా చేలల్లో చూశాను. అన్నీ రాసిన లెక్కన కలిపితేనే గడ్డి చస్తుంది. వాటి పైన కృషి కేంద్రం సీసా ఇంకొకటి వేయక్కర్లేదు.

నువ్వు అడగలేదు గానీ, గమ్ము విలువ బాగా తెలిసేది వేపలో. మీ దగ్గర నింబోళి అర్క్ అంటారు. 5 కిలోల వేప గింజల పొడిని 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, 100 లీటర్లకు పెంచి కొట్టేది. వేపలో ఉండే నూనె నీళ్లలో కలవదు. ఏమీ కలపకపోతే పైన తెట్టులా తేలి, మొదటి సాళ్లలో ఒట్టి నీళ్లు, ట్యాంకు అడుగంటేటప్పుడు చిక్కటి నూనె పడుతుంది. అక్కడ ఆకులు మాడుతాయి. అందుకే లీటరుకు గ్రాము సబ్బు పొడి వేయమని పుస్తకాల్లో రాస్తారు. మీ నీళ్లకు నా సలహా, సబ్బు పొడికి బదులు నాన్ అయానిక్ గమ్ము లీటరుకు 1 మిల్లీ. వేపలో పనిచేసే అజాడిరక్టిన్‌కు కూడా క్షారం పడదు, అదొక కారణం. వేపనూనె అయితే ముందు నూనెను, గమ్మును కొద్ది నీళ్లలో బాగా గిలకొట్టి, పాలలా అయ్యాకే ట్యాంకులో పోయి. కాసేపు ఆగి పైన నూనె చుక్కలు తేలుతున్నాయేమో చూడు. తేలుతుంటే ఇంకొంచెం గమ్ము కావాలి. పచ్చదోమ మొదలయ్యే రోజుల్లో సాయంత్రం పూట ఇది కొట్టు, ఎండకు వేప మందు త్వరగా పోతుంది.

"సిలికాన్ వేస్తే మందు సగం చాలు" అన్న మాటకు వస్తే, తగ్గించుకోవాల్సింది ఏదైనా ఉంటే అది నీళ్ల పరిమాణం, మందు కాదు. ఎకరానికి ఇంత మందు అని రాసి ఉన్న లెక్కను సగం చేస్తే, బలహీనమైన పురుగులు చచ్చి తట్టుకున్నవి మిగులుతాయి, వాటి సంతతే తర్వాత నీ చేనంతా నిండుతుంది. గులాబీ రంగు పురుగుతో, తెల్లదోమతో పత్తి రైతు ఇప్పటికే ఎంత నష్టపోయాడో నీకు తెలుసు. దుకాణంలో ఎవరు చెప్పినా ఈ పని చేయొద్దు తమ్ముడూ. పెట్రోల్‌తో నడిచే స్ప్రే పంపుతో కొట్టేటప్పుడు నీళ్లు తగ్గినా ఎకరానికి మందు అంతే పడాలన్నది కూడా ఇదే లెక్క.

మిరపలో నల్ల తామర పురుగు పూలలో దూరి ఉంటుంది. 2021, 22లో తెలంగాణ, ఆంధ్ర మిరప తోటలను అది ఎలా తుడిచిపెట్టిందో చూశాం. బిగువు తగ్గిన నీళ్లు పూరేకుల సందుల్లోకి దిగుతాయి, కాబట్టి అక్కడ కొద్ది గమ్ముకు అర్థం ఉంది. కానీ లేత పూత సున్నితం. ముందు ఓ పది మొక్కల మీద కొట్టి, రెండు మూడు రోజులు ఆగి, పూత రాలడం, ఆకు అంచులు మాడటం లేదని చూసుకున్నాకే చేనంతా కొట్టు. తేనెటీగలు తిరిగే పొద్దుటి పూట వద్దు, సాయంత్రం కొట్టు. సిలికాన్ సర్ఫాక్టెంట్ తిన్న తేనెటీగల్లో వాసనలు నేర్చుకునే శక్తి తగ్గుతుందని ల్యాబ్ పరీక్షల్లో తేలింది.

ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఆకు మైనం పొరను దాటించేది మన చర్మాన్ని కూడా దాటిస్తుంది. గమ్ము కలిపిన మందు ఒంటి మీద పడితే ఒట్టి మందు కన్నా త్వరగా, ఎక్కువగా లోపలికి వెళుతుంది. వార్ధా నది అవతల యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ 20 మంది దాకా రైతులు, కూలీలు చనిపోయారు, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. ఆ ఏడు పత్తి మనిషెత్తు పెరిగిందనీ, రెండు మూడు మందులు కలిపి, ముఖానికి ఏమీ లేకుండా కొట్టారనీ అప్పటి నివేదికల్లో వచ్చింది. నీ పత్తి భుజం దాటాక ఎదురుగా తుంపర వేస్తూ దానిలోకే నడవొద్దు. గాలి వీపు వైపు ఉండేలా, కొట్టిన సాలులోకి మళ్లీ పోకుండా నడువు. పంపు కారుతుంటే ఆ రోజు పని ఆపేయ్. వీపు తడిస్తే సాయంత్రం దాకా ఆగకుండా అక్కడే చొక్కా విప్పి సబ్బుతో కడుక్కో. కూలీని పెట్టి కొట్టిస్తుంటే గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు నువ్వే కొనివ్వు, వేసుకునేదాకా పంపు చేతికివ్వకు. తల తిరగడం, కళ్లు మసకబారడం, నోట్లో నీళ్లు ఊరడం మొదలైతే మందు డబ్బాతో సహా ఆస్పత్రికి పరుగెత్తాలి, డబ్బా చూస్తేనే డాక్టర్‌కు ఏ విరుగుడు ఇవ్వాలో తెలుస్తుంది.

కలిపే వరుస ఇలా. ట్యాంకు సగం నీళ్లు, కలుపు మందు అయితే అమ్మోనియం సల్ఫేట్, తర్వాత పొడి మందులు విడిగా జావలా కలిపి, ఆ తర్వాత ఎస్‌సీ, ఈసీ, ఎస్‌ఎల్, మిగతా నీళ్లు, అన్నిటికన్నా చివర్లో గమ్ము. గమ్ము ముందు పోస్తే నీళ్లు నింపేటప్పుడే నురగ వస్తుంది. రెండు మందులు కలుపుతున్నావంటే ముందు లీటరు సీసాలో అదే లెక్కన కలిపి అరగంట ఉంచు. గడ్డలు కట్టినా, అడుగున పేరుకున్నా, సీసా వేడెక్కినా ఆ జోడీ వద్దు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది రెండు పనులు. బోరు నీళ్లు ఒక లీటరు శుభ్రమైన సీసాలో పట్టి పీహెచ్, కాఠిన్యం పరీక్ష చేయించు. మీ జిల్లాలోని సిందేవాహిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ఎక్కడ చేస్తారో వాళ్లు చెబుతారు. పరీక్ష కాగితం వచ్చేదాకా కలుపు మందుకు వాన నీళ్లో, చెరువు నీళ్లో తేటగా ఉన్నవి వాడు. బురద నీళ్లు మాత్రం వద్దు, మట్టి కూడా మందును పట్టేసుకుంటుంది. రెండోది, దుకాణంలో ఇచ్చిన గమ్ము సీసా వెనక వైపు ఫోటో, ఈ వారం కొట్టాలనుకుంటున్న మందు డబ్బా ఫోటో, రెండు గ్లాసుల పరీక్షలో పత్తి ఆకు, కంది ఆకు ఎలా వచ్చాయో రాసి ఇక్కడే పెట్టు. ఆ మూడూ చూశాక నీ చేనుకు గమ్ము కావాలా, కావాలంటే ఏది, పంపుకు ఎన్ని మిల్లీలు అన్నది లెక్క కట్టి చెబుతాను.